గైబ్ నుంచి వచ్చిన హుకుం

మా ఆపా కొడుక్కి పదహారేళ్లు. పోయిన రంజాన్‌లో ఒక రాత్రి, తరావీహ్ నమాజ్ అయిపోయి ఇంటికొచ్చాక, వాడు లాప్‌టాప్ పట్టుకొని నా పక్కన కూర్చున్నాడు. మొహం వాడిపోయి ఉంది.

"మామూ, మా సర్వర్‌లో ఎవరో ఇల్లు కూల్చేశారు. ఎవరో కాస్త చూసి చెప్తారా?"

సంగతి ఏమిటంటే, వాడూ ఇంకో ముగ్గురు దోస్తులూ తలా కొంత వేసుకొని ఎక్కడో పరాయి దేశంలో ఉన్న ఒక మెషిన్‌ను నెల కిరాయికి తీసుకున్నారు. దాని మీద మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టారు. మొహల్లా పిల్లలు, బడి పిల్లలు ఓ ఇరవై మంది అందులో ఆడతారు. వాళ్లలో ఒక చిన్నోడు నెల రోజులు కష్టపడి, వాళ్ల నానా ఊళ్లో ఉండే పెంకుటిల్లును బ్లాకు మీద బ్లాకు పేర్చి కట్టాడట. అసలు ఇల్లు నానా ఇంతెకాల్ అయ్యాక అమ్మేశారు. ఇక మిగిలింది ఈ ఆటలోని ఇల్లే. ఒక పొద్దున చూస్తే అదీ లేదు. గోడలు లేవు, బావి లేదు, చదునైన ఖాళీ జాగా ఉంది.

సర్వర్ రాసుకున్న లాగ్ తెరిచి చూశాం. అర్ధరాత్రి దాటాక ఒక లైను ఉంది. 1872 బ్లాకులు నింపబడ్డాయని రాసి ఉంది. దేనితో నింపారు? గాలితో. అంటే చెరిపేశారు. చేసిందెవరు అన్న చోట ఒకే మాట: ఆర్‌కాన్. ఏ చిరునామా నుంచి వచ్చింది అని చూస్తే, ఆ మెషిన్ లోపలి నుంచే వచ్చిందని ఉంది. నలుగురూ అదే మెషిన్‌లోకి ఒకే ఖాతాతో వెళ్లి, అక్కడి నుంచే కమాండ్లు కొడతారు. నలుగురికీ పాస్‌వర్డ్ ఒకటే.

"బేటా, ఇది చేసింది మీ నలుగురిలో ఎవరో ఒకరు. ఎవరన్నది ఈ మెషిన్ చెప్పలేదు," అన్నాను.

"ఎందుకు చెప్పలేదు మామూ? అన్నీ రాసుకుంటుంది కదా?"

ఆ "ఎందుకు"కు జవాబు ఒక ముక్కలో రాదు. దాని వెనక దాదాపు ముప్పై ఏళ్ల తారీఖ్ ఉంది. తారీఖ్ అంటే బాద్షాలు, జంగులు, ఫర్మానాలు మాత్రమే అనుకుంటాం. కానీ ఎక్కడో దూరంగా కూర్చొని హుకుం పంపడం, ఆ హుకుం ఎవరిదని అడగడం, అడిగితే జవాబు దొరకకపోవడం, ఇవన్నీ బాద్షాల తారీఖ్‌లోనూ ఉన్నవే. అందుకే ఈ చిన్న ఔజారు కథ రాస్తున్నాను.

ముందు ఆర్‌కాన్ అంటే ఏమిటో చెప్పుకుందాం. రిమోట్ కన్సోల్ అన్న రెండు మాటలను కుదిస్తే వచ్చిన పేరు అది. నలుగురు కలిసి ఆడే ఆటకు మధ్యలో ఒక సర్వర్ ఉంటుంది. ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఎవర్ని కొట్టారు, ఆట ఎప్పుడు అయిపోతుంది అన్న ఫైసలా దానిదే. ఆ సర్వర్‌కు హుకుంలు ఇచ్చే జాగా పేరు కన్సోల్. నల్లటి తెర మీద ఒక లైను టైప్ చేసి ఎంటర్ కొడితే ఆ పని జరిగిపోతుంది. మైదానం మార్చు, ఫలానావాణ్ని బయటికి పంపు, అందరికీ ఈ ఎలాన్ వినిపించు, ఇలాంటివి. సర్వర్ ఉన్న గదిలో కూర్చుంటే ఆ కన్సోల్ మన ఎదురుగానే ఉంటుంది. గదికి వందల మైళ్ల దూరంలో ఉన్నప్పుడు అదే కన్సోల్‌ను మన చేతికి తెచ్చిచ్చేది ఆర్‌కాన్.

ఈ కథ అమెరికాలో, టెక్సాస్ రియాసత్‌లోని మెస్కీట్ అనే ఊళ్లో మొదలవుతుంది. ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న కంపెనీ అక్కడ ఉండేది. 1993 డిసెంబర్‌లో డూమ్ అనే ఆటతో దాని పేరు దునియా అంతా మార్మోగింది. 1996 జూన్ 22న వాళ్లే క్వేక్ విడుదల చేశారు. అందులో ఆట నడిపే సర్వర్ వేరు, ఆడేవాళ్ల కంప్యూటర్లు వేరు. ఆడేవాడు ఎవడూ లేకుండా, తెర మీద బొమ్మ కూడా లేకుండా, కేవలం సర్వర్‌గానే ఒక మెషిన్‌ను పగలూ రాత్రీ నడపవచ్చు.

క్వేక్ రాసినవాళ్లలో ముఖ్యుడు జాన్ కార్మాక్. విడుదలైన కొన్ని వారాలకే, 1996 ఆగస్టులో, తన అంచనా తప్పిందని ఆయన బహిరంగంగా రాసి ఒప్పుకున్నాడు. మంచి లైను ఉన్నవాళ్లను మనసులో పెట్టుకొని, సెకనులో ఐదో వంతు లోపే కబురు చేరుతుందని లెక్కేసి ఆట కట్టాడట. కానీ జనంలో ఎక్కువమంది టెలిఫోన్ మోడెమ్‌ల మీద వచ్చేవాళ్లు. వాళ్లకు ఆ ఆలస్యం సెకనులో దాదాపు మూడో వంతుకు తగ్గేది కాదు. బటన్ నొక్కాక మనిషి కదలడానికి అంతసేపు పడితే ఆట ఏం ఆడతారు? ఆ గలతీని సరిదిద్దడానికి ఆ ఏడాది డిసెంబర్‌లో క్వేక్‌వరల్డ్ వచ్చింది. దాంతో మోడెమ్ ఉన్న మామూలు పిల్లలు కూడా ఇంటర్నెట్ మీద క్వేక్ ఆడటం మొదలుపెట్టారు.

ఆడేవాళ్లు పెరిగితే సర్వర్లు పెరుగుతాయి. సర్వర్లు మంచి లైన్లున్న చోటే ఉంటాయి, అంటే యూనివర్సిటీల్లో, ఇంటర్నెట్ కంపెనీల గదుల్లో. వాటిని నడిపే మాలిక్ మాత్రం తన ఇంట్లో ఉంటాడు. అర్ధరాత్రి ఎవడో బూతులు తిడుతున్నాడు, వాణ్ని తీసేయాలి. అందుకని బండి తీసుకొని పోయి ఆ గది తలుపు తట్టలేడు కదా. దూరం నుంచి మెషిన్‌లోకి పోయే దారులు అప్పటికే ఉన్నాయి. కానీ వాటికి ఆ మెషిన్ మీద ఖాతా కావాలి. ఒక ఆటను నడిపేవాడికి మెషిన్ మొత్తం తాళాలు ఎవరిస్తారు? ఆట వరకే చెల్లే ఒక చిన్న చాబీ కావాలి. క్వేక్‌వరల్డ్‌లోని ఆర్‌కాన్ ఆ చాబీ.

అది పనిచేసే తరీఖా ఎంత సాదాగా ఉంటుందంటే, ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. సర్వర్ మాలిక్ తన సెట్టింగుల్లో ఒక పాస్‌వర్డ్ పెట్టుకుంటాడు. అది ఖాళీగా ఉంటే ఆర్‌కాన్ పనిచేయదు, దర్వాజా బంద్. పాస్‌వర్డ్ ఉంటే, దూరం నుంచి ఒకే ఒక ప్యాకెట్ పంపాలి. మొదట నాలుగు గుర్తు బైట్లు, తర్వాత ఆర్‌కాన్ అన్న మాట, తర్వాత పాస్‌వర్డ్, తర్వాత హుకుం. సర్వర్ ఆ పాస్‌వర్డ్‌ను తన దగ్గరున్న దాంతో పోల్చి చూస్తుంది. సరిపోతే హుకుం అమలు చేసి, కన్సోల్ మీద రావాల్సిన జవాబును పంపినవాడి వైపు మళ్లిస్తుంది. సలాం లేదు, సంభాషణ లేదు. ఒక చీటీ పోతుంది, ఒక చీటీ వస్తుంది.

దీన్ని పోస్టుకార్డుతో పోల్చవచ్చు. కార్డు మీద రాసింది దారిలో ఉన్న ప్రతి డాకియా చదవగలడు. ఆర్‌కాన్ పాస్‌వర్డ్ కూడా అంతే, ఏ పర్దా లేకుండా పోయేది. పైగా కార్డు మీద "పంపినవారు" అన్న చోట ఎవరి పేరైనా రాయవచ్చు, పోస్టాఫీసు తనిఖీ చేయదు. ఆ ప్యాకెట్లు పోయే యూడీపీ అనే పద్ధతిలో కూడా పంపినవాడి చిరునామాను అబద్ధం రాయడం సాధ్యమే. అప్పటికి ఇలాంటి ప్రమాదం ఎవరికీ తెలియదని కాదు. 1995లోనే ఫిన్లాండ్‌లో హెల్సింకీ టెక్నాలజీ యూనివర్సిటీలో, నెట్‌వర్క్ మీద పాస్‌వర్డ్‌లు దొంగిలించిన ఒక వాకయా తర్వాత, తాతు యులోనెన్ అనే ఆయన అన్నిటికీ గట్టి పర్దా వేసే ఎస్ఎస్‌హెచ్ తయారుచేశాడు. కానీ ఆటల లోకం ఆ వైపు చూడలేదు. ఆటే కదా, ఇందులో పోయేదేముంది అనుకున్నారు.

1998 మే నెల మొదట్లో అందులో ఏముందో బయటపడింది. భద్రతా లోపాలు పరిశీలించే వాళ్లు ఒక ఖబర్ ప్రకటించారు. ఇడ్ సాఫ్ట్‌వేర్ వాళ్ల క్వేక్‌వరల్డ్, క్వేక్ 2 సర్వర్లలో ఒక చోర్ దర్వాజా ఉందని. మాలిక్ పెట్టుకున్న పాస్‌వర్డ్ ఏదైనా కానీ, 192.246.40 తో మొదలయ్యే చిరునామా నుంచి, అంటే ఇడ్ కంపెనీ సొంత నెట్‌వర్క్ నుంచి, టి.ఎం.ఎస్. అనే మూడక్షరాల పాస్‌వర్డ్‌తో వచ్చిన ఏ హుకుమైనా సర్వర్ ఒప్పుకునేది. మాలిక్‌ను అడగదు. మాలిక్‌కు చెప్పదు.

పోస్టుకార్డు మిసాల్ మళ్లీ గుర్తుచేసుకోండి. పంపినవాడి చిరునామాను అబద్ధం రాయవచ్చు. అంటే ఆ దర్వాజా ఇడ్ వాళ్ల కోసం మాత్రమే తెరుచుకునేది కాదు. వాళ్ల చిరునామా రాసిన చీటీ పంపగలిగే ప్రతివాడికీ తెరుచుకునేది. ఆ మూడక్షరాలు బయటికి పొక్కాక, దునియాలో ఎక్కడున్న క్వేక్ సర్వరైనా ఎవడి చేతికైనా చిక్కుతుంది. సర్వర్ ఇచ్చే జవాబు చీటీ ఇడ్ వాళ్ల చిరునామాకే పోతుంది గానీ దొంగకు రాదు, నిజమే. కానీ కూల్చేవాడికి రసీదు అక్కర్లేదు.

ఇదంతా ఒక ఎత్తు, ఆ ప్రకటనలోని ఇంకో మాట ఒక ఎత్తు. ఆ దారిలో వచ్చిన హుకుంలు లాగ్‌లోకి ఎక్కేవి కావు. మామూలు ఆర్‌కాన్ అయితే ఫలానా చిరునామా నుంచి వచ్చిందని, తప్పు పాస్‌వర్డ్ అయితే తప్పని, సర్వర్ రాసుకునేది. చోర్ దర్వాజా గుండా వచ్చినవాడి అడుగుజాడ మాత్రం ఉండదు. ఆ కోడ్ రాసినవాళ్ల నియ్యత్ మీద నేను ఫైసలా చెప్పబోవడం లేదు. నియ్యత్ అల్లాహ్‌కు తెలుసు. కానీ ఇంకొకరి ఇంటికి దొంగచాబీ చేయించుకోవడం ఒక గలతీ అయితే, వచ్చిపోయిన సంగతి ఇంటివాడికి తెలియకుండా చేసుకోవడం దానికంటే పెద్ద గలతీ. మొదటిదాంట్లో అమానత్ పోయింది. రెండోదాంట్లో గవాహీ కూడా పోయింది.

దూరం నుంచి హుకుమత్ చేయడం మన ముల్కులో పాత పనే. ఆ పనికి వాడే మాటలు తెలుగులోకి కూడా అక్కడి నుంచే వచ్చాయి చూడండి: హుకుం, తాఖీదు, ఫిర్యాదు, దస్తావేజు, జవాబుదారీ. మొగల్ బాద్షా ఢిల్లీలోనో ఆగ్రాలోనో ఉంటే, సుబేదారు నెలల ప్రయాణమంత దూరంలో ఉండేవాడు. సుబేదారు ఏం చేస్తున్నాడో తెలిసేదెలా? అందుకు ప్రతి సుబాలో వాకయా నవీస్ అనే ఉద్యోగి ఉండేవాడు, జరిగింది జరిగినట్టు రాసి దర్బారుకు పంపడం ఆయన నౌకరీ. ఆ ఒక్కడు సుబేదారుతో కుమ్మక్కైతే? అందుకని ఖుఫియా నవీస్ అని ఇంకొకడు ఉండేవాడు, ఆయనెవరో అక్కడి అధికారులకు తెలియకుండా రాసి పంపేవాడు. ఈ ఇంతెజామ్ పూర్తిగా పనిచేసిందని నేననను, లంచాలు అప్పుడూ ఉన్నాయి. కానీ అందులో ఒక ఉసూల్ ఉంది. హుకుం ఇచ్చేవాడి చేతిలో కలం ఉండకూడదు. రాసేవాడు వేరే ఉండాలి, రాసింది వేరే చోటికి చేరాలి.

ఇంకా వెనక్కి పోతే, హజ్రత్ ఉమర్ (రజి.) తన గవర్నర్లను పంపేముందు వాళ్ల ఆస్తుల జాబితా రాయించి పెట్టుకునేవారని, ఫిర్యాదు వస్తే ముహమ్మద్ బిన్ మస్లమా (రజి.)ను తహకీకాత్‌కు పంపేవారని చరిత్రకారులు రాశారు. గవర్నర్లంతా దొంగలని కాదు. వాళ్లలో పెద్ద పెద్ద సహాబీలు ఉన్నారు. మంచివాడికి ఇచ్చిన ఇఖ్తియార్‌కు కూడా హిసాబ్ ఉండాలి, అంతే.

క్వేక్ తర్వాతి అధ్యాయం వాల్వ్ కంపెనీది. 1998 నవంబర్‌లో వచ్చిన హాఫ్-లైఫ్ ఆటను వాళ్లు క్వేక్ ఇంజన్‌ను మార్చుకొనే కట్టారు. దాంతోపాటు ఆర్‌కాన్ కూడా వారసత్వంగా వచ్చింది. అయితే వాల్వ్ వాళ్లు దానికి ఒక మరమ్మతు చేశారు. హుకుం పంపేముందు సర్వర్‌ను ఒక అంకె అడగాలి. సర్వర్ ఆ అంకెను అడిగినవాడి చిరునామాకు పంపుతుంది. తర్వాత పంపే చీటీలో పాస్‌వర్డ్‌తోపాటు ఆ అంకె కూడా ఉండాలి. పరాయి చిరునామా రాసుకున్న దొంగకు ఆ అంకె చేరదు, ఆ చిరునామా అసలు మాలిక్‌కు పోతుంది. చిన్న ఉపాయం, కానీ పోస్టుకార్డు మీద దొంగపేరు రాసే ఆట అక్కడితో కట్టయింది. పాస్‌వర్డ్‌కు పర్దా మాత్రం ఇంకా లేదు.

ఆ హాఫ్-లైఫ్ మీదే మిన్ లే, జెస్ క్లిఫ్ అనే ఇద్దరు కుర్రాళ్లు కౌంటర్-స్ట్రైక్ తయారుచేశారు. 1999లో బయటికొచ్చింది. 2003లో 1.6 వచ్చింది. ఇక్కడ నా కథ మొదలవుతుంది, చెప్పుకోవడానికి శరమ్‌గా ఉన్నా చెప్పాలి.

ఆ రోజుల్లో మెహదీపట్నం వైపు ఒక నెట్ కెఫేలో నేను రాత్రిపూట కౌంటర్‌లో కూర్చునేవాణ్ని. డిగ్రీ చదువుతూ చేసిన నౌకరీ. లోపల వరుసగా కంప్యూటర్లు, అన్నిట్లో కౌంటర్-స్ట్రైక్. సర్వర్ నా కౌంటర్ కింద ఉన్న మెషిన్‌లో నడిచేది. ఆర్‌కాన్ పాస్‌వర్డ్ నా దగ్గరే. నా దోస్తులు కూడా అక్కడే ఆడేవాళ్లు. పన్నెండు పదమూడేళ్ల పిల్లగాడొకడు రోజూ సాయంత్రం జేబులో చిల్లర గలగలలాడించుకుంటూ వచ్చేవాడు. నిశానా ఎంత పక్కాగా ఉండేదంటే, నా దోస్తుల్ని వరుసపెట్టి పడగొట్టేవాడు. వాళ్లకు ఇజ్జత్ పోయినట్టుండేది. "అరె యార్, ఆ పోరణ్ని తీసెయ్" అనేవాళ్లు నా దగ్గరికొచ్చి. నేను ఒక లైను కొట్టేవాణ్ని. ఆ పిల్లగాడి తెర మీద ఆట ఆగిపోయి మెనూ వచ్చేది. లేచి వచ్చి "భయ్యా, ఏమైంది?" అని అడిగితే, "నెట్‌వర్క్ ఖరాబ్ ఉంది" అనేవాణ్ని. వాడి గంట మాత్రం నడుస్తూనే ఉండేది, పైసలు కట్టేవాడు.

ఇదొక్కటే కాదు. ఆ సర్వర్ లాగ్ రాస్తుంది. ఆర్‌కాన్ నుంచి ఏ హుకుం వచ్చిందో అందులో పడుతుంది. కెఫే మాలిక్ ఎప్పుడైనా చూస్తాడేమోనని, పిల్లగాణ్ని తీసేసే ముందు ఇంకో లైను కొట్టేవాణ్ని: లాగ్ ఆఫ్. పని అయ్యాక: లాగ్ ఆన్. ఆ రెండు హుకుంలు కూడా ఆర్‌కాన్‌లోనే ఇవ్వవచ్చు. వాకయా నవీస్‌ను కాసేపు బయటికి పొమ్మని సుబేదారే చెప్పినట్టు. మన ఇద్దరు భుజాల మీద కిరామన్ కాతిబీన్ కూర్చొని రాస్తుంటారని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగినవాణ్ని నేను. ఆ రాతను ఆఫ్ చేసే కమాండ్ లేదన్న సంగతి మాత్రం ఆ కౌంటర్ ముందు గుర్తుకు రాలేదు.

నాలాంటివాళ్ల వల్లే కావచ్చు, సర్వర్లు నడిపే జనమే ఒక ఇలాజ్ వెతుక్కున్నారు. అడ్మిన్ మాడ్, తర్వాత ఏఎంఎక్స్ మాడ్, ఆ తర్వాత ఏఎంఎక్స్ మాడ్ ఎక్స్ అనే జోడింపులు వచ్చాయి. వీటిలో అందరికీ ఒకే పాస్‌వర్డ్ పంచనక్కర్లేదు. ఒక ఫైలులో మనుషుల పేర్లు, ఒక్కొక్కరి ఎదురుగా కొన్ని అక్షరాలు ఉంటాయి. ఒక అక్షరం ఉంటే మనిషిని బయటికి పంపవచ్చు. ఇంకో అక్షరం ఉంటే శాశ్వతంగా నిషేధించవచ్చు. ఇంకోటి ఉంటే మైదానం మార్చవచ్చు. ఆర్‌కాన్ ఇఖ్తియార్ కూడా వాటిలో ఒక అక్షరమే, దాన్ని చాలా కొద్దిమందికే ఇచ్చేవాళ్లు. ఎవరేం చేశారో ఆ మనిషి పేరుతోనే లాగ్‌లో పడుతుంది. నా ఉద్దేశంలో ఈ మొత్తం తారీఖ్‌లో అందరికంటే సమఝ్‌దారీ పని ఇదే. చేసింది పెద్ద కంపెనీలు కాదు, సర్వర్లు నడిపి దెబ్బతిన్న మామూలు మనుషులు.

2004లో వాల్వ్ వాళ్లు సోర్స్ అనే కొత్త ఇంజన్ తెచ్చి, ఆర్‌కాన్‌ను మళ్లీ మొదటి నుంచి కట్టారు. పోస్టుకార్డు పోయి టెలిఫోన్ లైను లాంటిది వచ్చింది. టీసీపీ పద్ధతిలో ముందు కనెక్షన్ కలవాలి, తర్వాతే మాట. ప్రతి ప్యాకెట్‌లో దాని పొడవు, ఒక నంబరు, అది ఏ రకం అన్న సూచన, ఆ తర్వాత అసలు మాట ఉంటాయి. రకం 3 అయితే పాస్‌వర్డ్, 2 అయితే హుకుం, 0 అయితే హుకుంకు జవాబు. పాస్‌వర్డ్ తప్పితే నంబరు ఉండాల్సిన చోట మైనస్ 1 తిరిగొస్తుంది. వరుసగా తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టేవాణ్ని నిషేధించే సెట్టింగులు వచ్చాయి. ఆర్‌కాన్ హుకుంలను లాగ్‌లో రాయాలా వద్దా అన్నదానికీ ఒక సెట్టింగ్ ఉంది. కానీ పాస్‌వర్డ్ ఇంకా పర్దా లేకుండానే పోతుంది. చాబీ ఇంకా ఒకటే. ఆ చాబీ ఉన్నవాడు లాగ్ సెట్టింగ్‌ను కూడా మార్చవచ్చు.

సాదాగా ఉన్న పద్ధతి తొందరగా వ్యాపిస్తుంది. 2011లో మైన్‌క్రాఫ్ట్ పూర్తి వెర్షన్ వచ్చేనాటికి దాని సర్వర్‌లో కూడా ఇదే సోర్స్ పద్ధతి ఆర్‌కాన్ చేరింది. తర్వాత ఫ్యాక్టోరియో లాంటి ఆటలూ అదే తీసుకున్నాయి. పద్ధతి అందరికీ ఒకటే కాబట్టి ఎవరైనా దానికి ఔజారు రాసుకోవచ్చు. ఎన్నో భాషల్లో ఎన్నో రాశారు. మా భాంజా వాడింది ఎంసీఆర్‌కాన్, సీ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్. కిటికీలు, బటన్లు ఏమీ ఉండవు. కమాండ్ లైన్ మీద దాని పేరు, సర్వర్ చిరునామా, పోర్టు, పాస్‌వర్డ్, తర్వాత హుకుం. ఒక్క లైను. దాన్ని రాత్రి ఫలానా వేళకు తనంతట తానే నడిచేలా పెట్టవచ్చు. ముందు అందరికీ ఎలాన్, తర్వాత ఆటను డిస్కు మీదికి దింపడం, తర్వాత సర్వర్ బంద్. మాలిక్ నిద్రపోతున్నా పని జరుగుతుంది. ఈ సహూలత్‌ను నేను తక్కువ చేసి మాట్లాడను. సర్వర్ నడిపేవాళ్లకు ఇది నేమత్.

కానీ ఆ ఒక్క లైనులోనే ఖతరా కూడా ఉంది. పాస్‌వర్డ్‌ను కమాండ్ లైన్ మీదే కొడితే, ఆ మెషిన్ మీద ఏమేం నడుస్తున్నాయో చూపించే జాబితాలో అది మిగతావాళ్ల కంటపడవచ్చు. కొట్టిన కమాండ్లను గుర్తుపెట్టుకునే ఫైలులోనూ మిగిలిపోతుంది. అందుకే పాస్‌వర్డ్‌ను పక్కన వేరే చోట దాచి ఇచ్చే వీలు కూడా ఎంసీఆర్‌కాన్‌లో ఉంది. మైన్‌క్రాఫ్ట్ వాళ్లూ కొంత ఎహతియాత్ పాటించారు. మొదట సర్వర్ పెట్టినప్పుడు ఆర్‌కాన్ బంద్ ఉంటుంది, మనం కావాలని తెరిస్తేనే తెరుచుకుంటుంది. ఆర్‌కాన్ నుంచి ఏ హుకుం వచ్చినా దాని ఫలితాన్ని ఆటలో ఉన్న పెద్దలందరి తెర మీద చూపించే సెట్టింగ్ కూడా ఉంది. దాన్ని మనం ఆపకపోతే అది తెరిచే ఉంటుంది. గైబ్ నుంచి వచ్చిన చేయి ఏం చేసిందో కనీసం ఆ పెద్దలకు కనిపించాలన్న ఆలోచన అది. కానీ అర్ధరాత్రి ఆటలో పెద్దలెవరూ లేకపోతే చూసేదెవరు? లాగ్‌లో పడేది ఆర్‌కాన్ అన్న పేరే కదా, మనిషి పేరు కాదు.

ఇదంతా మా భాంజాకు చెప్పేసరికి సహరీ వేళ దగ్గరపడింది. వాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"అయితే మామూ, ఎవరు చేశారో ఎప్పటికీ తెలీదా?"

"ఆ నలుగురిలో ఒకడు ఒప్పుకుంటే తెలుస్తుంది. మెషిన్ అయితే చెప్పదు."

నా మెహదీపట్నం సంగతి అప్పుడే వాడికి చెప్పాను. ఇరవై ఏళ్లలో ఎవరికీ చెప్పని సంగతి. ఆ పిల్లగాడి పేరు కూడా నాకు తెలియదు. దొరికితే మాఫీ అడగాలి, వాడు అనవసరంగా కట్టిన గంటల పైసలు వాపస్ ఇవ్వాలి. ఎక్కడ వెతకను? వాడు నా వైపు చూసిన చూపు నాకు గుర్తుంది. కోపం లేదు. మామూ కూడా ఇలా చేశాడా అన్న హైరానీ ఉంది.

సహరీ తిన్నాక ఇద్దరం కూర్చొని కొన్ని పనులు చేశాం. ఆర్‌కాన్ పోర్టును బయటి లోకానికి మూసేసి, మెషిన్ లోపలి నుంచి మాత్రమే తెరుచుకునేట్టు పెట్టాం. నలుగురికీ మెషిన్ మీద వేరు వేరు ఖాతాలు, ఒక్కొక్కరికి సొంత ఎస్ఎస్‌హెచ్ తాళం. ఆర్‌కాన్ పాస్‌వర్డ్ మార్చి ఎవరికీ కనిపించకుండా దాచాం. దాన్ని వాడాలంటే ఒక చిన్న స్క్రిప్ట్ గుండానే పోవాలి. ఆ స్క్రిప్ట్ ముందుగా ఎవరి ఖాతా, ఏ వేళ, ఏ హుకుం అని రాసుకుంటుంది, తర్వాతే ఎంసీఆర్‌కాన్‌ను పిలుస్తుంది. ఆ రాత ఎప్పటికప్పుడు మా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కు కూడా చేరుతుంది, ఆ నలుగురిలో ఎవరూ దాన్ని అక్కడ చెరపలేరు. మొత్తం ఒక పూట పని. వాకయా నవీస్ పనిని మా పాత కంప్యూటర్‌కు అప్పగించాం.

కూలిపోయిన ఇంటి కోసం పాత బ్యాకప్ వెతికితే తొమ్మిది రోజుల కిందటిది దొరికింది. అందులో ఇల్లు ఉంది, బావి లేదు. బావి ఆ తర్వాత కట్టాడట. మా వాడు ఆ ఇంటిని తిరిగి నిలబెట్టి, ఆ చిన్నోడికి ఫోన్ చేశాడు. "చేసింది నేను కాదు, కానీ చాబీ నలుగురికి పంచింది నేనే, జిమ్మేదారీ నాది" అన్నాడు. అవతల వాడు ఏమన్నాడో నాకు వినబడలేదు. ఫజర్ నమాజ్‌కు పోయి వచ్చి చూస్తే, ఇద్దరూ ఆటలో పక్కపక్కన నిలబడి బావి తవ్వుతున్నారు.